చంపకమాలలో ఇరవై అంకెల సంఖ్య

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందిన పావులూరి మల్లన గణితసారసంగ్రహానికి సంబంధించి పండితుల నోట ఎక్కువగా నిలిచిన పద్యం ఒకటి ఉంది. చదరంగపు పలక మీది 64 గళ్లలో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున, ప్రతి గడికీ ముందరి గడికి రెట్టింపు వేసుకుంటూ పోతే చివరికి తేలే మొత్తం ఎంతో ఆ పద్యం చెబుతుంది. ఆ మొత్తం 18446744073709551615. పద్యంలో ఒక్క అంకె కూడా అంకె రూపంలో లేదు. చంద్రుడు, బాణాలు, పర్వతాలు, సముద్రాలు, ఏనుగులు వరుసగా నిలబడి ఇరవై స్థానాలను నింపుతాయి. ప్రాచీన శాస్త్ర గ్రంథాలలో పెద్ద సంఖ్యలు కొత్తవి కావు, వాటిని మాటలలో చెప్పే పద్ధతీ కొత్తది కాదు. అయినా ఒకే సంఖ్యలో గణితం, ఛందస్సు, లేఖన సంప్రదాయం ఇంత గట్టిగా అల్లుకున్న ఉదాహరణ తెలుగులో మరొకటి దొరకడం కష్టం.

రాజమహేంద్రవరం రాజధానిగా 1022 నుంచి 1061 వరకు వేంగి దేశాన్ని పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడి కాలంతో పావులూరి వారి కుటుంబానికి సంబంధం ఉంది. ఆ రాజు పిఠాపురం ప్రాంతంలోని నవఖండవాడను మల్లన అనే పండితుడికి దానం చేశాడని చెబుతారు. గ్రంథకర్త ఆ దానం పొందిన మల్లనేనా, లేక తాత పేరు పెట్టుకున్న మనుమడా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారులు రెండు పక్షాలుగా చీలిపోయారు. మొదటి పక్షాన్ని ఒప్పుకుంటే మల్లన నన్నయకు సమకాలికుడు. రెండో పక్షాన్ని ఒప్పుకుంటే పన్నెండో శతాబ్దం తొలి భాగానికి చెందినవాడు. ఏ పక్షం గెలిచినా, తెలుగులో కావ్యభాష రూపు కట్టుకుంటున్న తొలి తరాలలోనే గణితానికీ పద్యం సిద్ధమైందన్న సంగతి మారదు. హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్ బండ్ నుంచి మెట్లెక్కి కట్ట మీదికి వస్తే, 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో నన్నయ, తిక్కన, ఎర్రన ముగ్గురూ కనబడతారు. ఆ వరుసలో మల్లనకు చోటు దక్కలేదు. కవిత్వానికి ఇచ్చినంత గౌరవం లెక్కకు ఇవ్వని అలవాటు ఆ విగ్రహాలు చెక్కిన శిల్పులది కాదు, సాహిత్య చరిత్రలు రాసినవారిది.

మల్లనకు మూలం మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దం నడిమి భాగంలో ఆ గ్రంథం రాశాడు. మద్రాసులో ఎం. రంగాచార్య 1912లో ఆంగ్లానువాదంతో దాన్ని అచ్చు వేయించిన తరవాత గాని ఆధునిక ప్రపంచానికి దాని విలువ తెలియలేదు. గణితాన్ని జ్యోతిషానికి తోకగా కాక స్వతంత్ర శాస్త్రంగా నిలబెట్టిన పుస్తకం అది. మల్లన దాన్ని మక్కికి మక్కి దించలేదు. శైవుడు కావడం వల్ల, మూలంలో జినాలయాల పూజల చుట్టూ తిరిగే లెక్కలను శివభక్తి వైపు తిప్పాడు. తామరపూలు తామరపూలుగానే ఉన్నాయి, అవి చేరవలసిన గుడి మాత్రం మారింది.

పెద్ద సంఖ్యల విషయంలో మహావీరుడిని మూలంగా తీసుకోవడం మల్లనకు ఎంత కలిసి వచ్చిందో స్థానాల పేర్లను చూస్తే తెలుస్తుంది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఒకటి నుంచి పరార్ధం వరకు 18 స్థానాలకే పేర్లు ఉన్నాయి. చదరంగపు మొత్తానికి 20 అంకెలు కావాలి కాబట్టి ఆ పట్టికలో అది ఇమడదు. మహావీరుడి పట్టికలో 24 స్థానాలు ఉన్నాయి. ఏకం, దశ, శతం, సహస్రం అంటూ మొదలై కోటి, శతకోటి, అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం, క్షితి మీదుగా మహాక్షోభం దాకా సాగే ఆ వరుసలో ఇరవయ్యో స్థానం మహాశంఖం. ఆ లెక్కన చదరంగపు మొత్తం ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మాలు, ఏడు పద్మాలు అంటూ మొదలవుతుంది. ఈనాటి వాడుకలో కోటిని మించిన పేర్లు చెల్లుబాటులో లేవు కాబట్టి, 1,84,467 కోట్ల కోట్ల మీద 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615 అని చదువుకోవాలి. పెద్దబాలశిక్ష వంటి పుస్తకాలలో శంఖం, పద్మం, సాగరం వంటి పేర్లు ఉన్నా, ఒక పట్టికలోని శంఖానికీ మరో పట్టికలోని శంఖానికీ విలువ కలవదు. అందుకే శాస్త్రకారులు పేర్ల మీద ఆధారపడక, స్థానాల మీద ఆధారపడే పద్ధతిని ఎంచుకున్నారు.

ఆ పద్ధతికి భూతసంఖ్య అని పేరు. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసో, ఆ వస్తువు పేరే ఆ అంకెకు గుర్తు: చంద్రుడు ఒక్కడే కనుక ఒకటి, అగ్నులు మూడు కనుక మూడు, వేదాలు నాలుగు కనుక నాలుగు. ఆ మాటలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమ వైపుకు పేర్చుకుంటూ పోవాలి. అంటే మొదట విన్నది చివరి అంకె అవుతుంది. ఈ పద్ధతి రాజరాజనరేంద్రుడి ఆస్థానానికి కొత్త కాదు. అతని కోరుమెల్లి తామ్రశాసనంలో పట్టాభిషేక సంవత్సరాన్ని వేదాలు, సముద్రాలు, నిధులు అనే మూడు మాటలతోనే చెప్పారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. కుడి నుంచి ఎడమకు పేరిస్తే శకవర్షం 944, అంటే క్రీ.శ. 1022. శాసనం రాసినవారికీ గణితం రాసినవారికీ ఒకే సాధనం అందుబాటులో ఉంది. తేడా అల్లా, శాసనానికి మూడు అంకెలు చాలు, మల్లనకు ఇరవై కావలసి వచ్చింది.

ఆ ఇరవై అంకెలను విడదీసి చూస్తే, నాలుగు నాలుగుసార్లు, ఒకటి, ఐదు, ఏడు మూడేసి సార్లు, ఆరు, సున్న రెండేసి సార్లు, మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కొక్కసారి వస్తాయి. రెట్టింపులతోనే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కసారి కూడా లేకపోవడం ఒక వింత. మల్లన మూడు ఒకట్లకూ చంద్రుడి పేర్లే వాడాడు గాని ప్రతిసారీ వేరే పేరు: శశి, చంద్రుడు, తుహినాంశుడు. మూడు ఏడులూ కులపర్వతాలే: నగం, భూధరం, గిరి. రెండు సున్నలూ ఆకాశమే: వియత్తు, గగనం. నాలుగుకు మాత్రం రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, మరొకసారి బ్రహ్మ ముఖాలు పలుకుతాయి. ఐదుకు మన్మథుడి బాణాలు, ఎనిమిదికి దిగ్గజాలు. ఆరు రెండుసార్లు వస్తే ఒకసారి తర్కాల పేరుతోనూ, మరొకసారి నేరుగా ఆరు అనే అర్థం గల షట్కం అన్న మాటతోనూ వస్తుంది. వస్తువు చాటున కాకుండా అంకె తన పేరుతోనే బయటపడిన చోటు అదొక్కటే.

పర్యాయపదాలు ఇలా మారడం అలంకారం కోసం అనుకుంటే పొరపాటు. పద్యం చంపకమాల. ఆ వృత్తంలో పాదానికి 21 అక్షరాలు, న జ భ జ జ జ ర అనే గణాలు. ప్రతి పాదంలోనూ పదకొండో అక్షరం మొదటి అక్షరంతో యతి కలవాలి. నాలుగు పాదాలలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, దానికే ప్రాస అని పేరు. మొదటి పాదం బాణాన్ని శరం అని పిలుస్తూ శకారంతో మొదలవుతుంది కాబట్టి, పదకొండో అక్షరం దగ్గర మళ్లీ ఐదు రావలసి వచ్చినప్పుడు బాణం అంటే యతి చెడుతుంది. శ, స లకు యతిమైత్రి ఉంది కనుక అక్కడ సాయకం వచ్చింది. ప్రాస రేఫ. అందుకే పాదం మారే చోట ఏడు పర్వతాలకు నగం, గిరి పనికిరావు. భూధరం అంటే, మొదటి అక్షరం ఈ పాదం చివర ఆగి మిగిలిన రెండు అక్షరాలూ తరవాతి పాదం మొదటికి చేరి, రెండో అక్షరంగా రేఫ నిలుస్తుంది. ఎనిమిదికి గజం అనకుండా కుంజరం అనడానికీ అదే కారణం: ఆ మాట కూడా సరిగ్గా అలాగే చీలి మూడో పాదానికి ప్రాస అందిస్తుంది. రెండో పాదం భూధరంలోని ధకారంతో మొదలవుతుంది కనుక దాని యతిస్థానంలో ఆరుకు షట్కం కుదరదు. త, ద, ధ లకు మైత్రి ఉంది కనుక తర్కం కుదిరింది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి వేదికల మీద అవధానం చూసినవారికి దత్తపది తెలుసు: పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని పద్యంలో పొదగాలి. మల్లన పద్యం ఇరవై మాటల దత్తపది వంటిది, పైగా మాటల వరుసను కవి మార్చడానికి వీల్లేదు. అవధానిని కరుణించే ఒక్క వెసులుబాటు పర్యాయపదం. దాన్ని మల్లన పూర్తిగా వాడుకున్నాడు. సంఖ్య వరుసను ఒక్క చోట కూడా కదపకుండా యతిప్రాసలు నెరవేరడం వల్ల ఈ పద్యానికి కవిత్వపు విలువ ఏమీ పెరగదు, కాని దాని పనితనానికి వంక పెట్టడం కష్టం. సంఖ్య మూడో పాదం మొదట్లోనే పూర్తవుతుంది. మిగిలిన పాదం ముప్పావూ, ఇది చదరంగపు గళ్ల రెట్టింపుకు నిజమైన సంకలితమని, లోకప్రసిద్ధమని చెప్పడానికి సరిపోయాయి. సంకలితం అంటే వరుస పదాలన్నీ కూడితే వచ్చే మొత్తం. లోకప్రసిద్ధం అన్న మాటను చరిత్రకారుడు గమనించాలి. మల్లన ఆ సంఖ్యను తాను కనుగొన్నట్టు చెప్పుకోలేదు. అప్పటికే పేరుపడిన సంఖ్యను తెలుగు పద్యంలో భద్రపరిచాడు.

భద్రపరచడంలో ఛందస్సు ఎంత వరకు తోడ్పడుతుందన్నది వేరే ప్రశ్న. గణం చెడితే, యతి తప్పితే లేఖకుడి తప్పు వెంటనే చెవికి తగులుతుంది. కాని వేదం, రంధ్రం రెండూ గురువు తరవాత లఘువు గల మాటలే. యతిప్రాసలు లేని చోట ఒకదాని బదులు మరొకటి పడితే ఛందస్సు ఏమీ అనదు, నాలుగు పోయి తొమ్మిది వస్తుంది. మాటల అర్థంలోనూ చిక్కులున్నాయి. సముద్రాలు ఏడని పురాణాలు చెబుతుంటే, భూతసంఖ్యలో సముద్రానికి సాధారణంగా నాలుగు. రంధ్రం మరీ ఇబ్బందికరమైన మాట: శరీరంలోని నవరంధ్రాలను బట్టి తొమ్మిది అనీ, బెజ్జం ఖాళీ కనుక సున్న అనీ పాత పట్టికలలో రెండు విలువలూ ఉన్నాయి. మల్లన పద్యంలో ఆ మాట కోట్లకు ఒక మెట్టు కిందనున్న దశలక్షల స్థానంలో ఉంది. చదివేవాడు ఏ విలువ తీసుకోవాలో పద్యం చెప్పదు.

గణితం చెబుతుంది. ఒక సంఖ్యలోని అంకెలన్నీ కూడి తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం, ఆ సంఖ్యనే తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషంతో సమానం. ఈ సంఖ్యలో అంకెల మొత్తం 87, శేషం 6. మరోవైపు రెండును ఆరుసార్లు గుణిస్తే 64 వస్తుంది, దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి. ఆ ఆవృత్తిని బట్టి 64 రెండ్ల లబ్ధానికి శేషం 7, ఒకటి తీసేస్తే 6. రెండూ సరిపోయాయి. ఒక సముద్రాన్ని ఏడుగా చదివితే మొత్తం 90 అవుతుంది, శేషం మిగలదు, తప్పు పట్టుబడుతుంది. రంధ్రం విషయంలో ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది, ఎందుకంటే తొమ్మిదికీ సున్నకూ మధ్య తేడా తొమ్మిదే, శేషం మారదు. అక్కడ పదకొండు పరీక్ష పనికొస్తుంది: కుడి నుంచి బేసి స్థానాల అంకెల మొత్తం 62, సరి స్థానాలది 25, తేడా 37, పదకొండుతో శేషం 4. రెండు ఘాతాల ఆవృత్తితో నేరుగా లెక్క కట్టినా శేషం 4 రావాలి. రంధ్రాన్ని సున్నగా చదివితే తేడా 28, శేషం 6. కాబట్టి అది తొమ్మిదే. ఛందోబద్ధమైన శాస్త్రవాక్యానికి అంతిమ కాపలా ఛందస్సు కాదు, లెక్కే.

ఈ కాపలా గురించి రాజరాజనరేంద్రుడి శతాబ్దంలోనే ఒక విదేశీయుడు ఆలోచించాడు. ఖ్వారిజ్మ్ దేశీయుడైన అల్‌బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో రాసిన ప్రాచీన జాతుల కాలక్రమ గ్రంథంలో ఇదే చదరంగపు మొత్తాన్ని లెక్కించి, ఇవే ఇరవై అంకెలు ఇచ్చాడు. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి రాసిన గ్రంథంలో, ఇక్కడివారు శాస్త్రాలను పద్యాలుగా రాయడానికి కంఠస్థం చేసుకోవడం, మార్పులు చేర్పులు జరగకుండా కాపాడుకోవడం కారణాలని గుర్తించి, ఛందస్సును పూరించడానికి చేరే మాటల వల్ల విషయం మసకబారుతుందని విసుక్కున్నాడు కూడా. మల్లన పద్యంలోని చివరి పాదం ముప్పావును చూస్తే ఆ విసుగుకు కొంత ఆధారం కనబడుతుంది. మిగిలిన రెండు పాదాల పైచిలుకును చూస్తే ఆ కారణాలకు బలం కనబడుతుంది.

బిరూనీ గాని, వేంగి దేశపు గణకుడు గాని 63 సార్లు రెట్టించి, 64 పదాలను కూడవలసిన పని లేదు. ప్రతి గడిలోని గింజలు అంతకు ముందరి గళ్లన్నిటిలోని గింజల మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ: నాలుగో గడిలో ఎనిమిది, అంతకు ముందు ఒకటి, రెండు, నాలుగు కలిసి ఏడు. కనుక 65వ గడి ఉన్నట్టు ఊహించి, దాని విలువలో ఒకటి తీసేస్తే 64 గళ్ల మొత్తం వస్తుంది. ఆ 65వ గడి విలువ రెండును 64 సార్లు వేసి గుణించిన లబ్ధం. దానికి కూడా దగ్గరదారి ఉంది: 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఆరు మెట్లలో ఒకటికి దిగుతుంది, కాబట్టి రెండును ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. రెండు, నాలుగు, 16, 256, 65536, 4294967296. చివరి దాన్ని దానితోనే గుణిస్తే 18446744073709551616. పలక మీద దుమ్ము చల్లి అంకెలు గీసే గణకుడికి మొదటి ఐదు వర్గాలు తేలిక, ఆరోది మాత్రం ఒక పూట పని.

సరి అయితే సగం చేయి, బేసి అయితే ఒకటి తీసేయి అనే ఈ నియమాన్ని మహావీరుడు గుణశ్రేఢికి, అంటే ఒకే గుణకంతో పెరిగే వరుసకు చెప్పాడు; కాని దాని తొలి రూపం గణిత గ్రంథంలో కాక పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది కనుక, ఒక అక్షరం చేరినప్పుడల్లా సాధ్యమైన పాదాల సంఖ్య రెట్టింపవుతుంది. ఎన్ని అక్షరాలకు ఎన్ని వృత్తాలు పుడతాయో తెలుసుకోవడానికి పింగళుడికి రెండు ఘాతాలు కావలసి వచ్చాయి. 21 అక్షరాల ప్రకృతి ఛందంలో 20,97,152 వృత్తాలు సాధ్యం. ప్రస్తారంలో, అంటే వాటన్నిటినీ క్రమంగా పరిచిన పట్టికలో, చంపకమాల 711600వది. 64 గళ్ల రెట్టింపును చెప్పిన పద్యం, 21 అక్షరాల రెట్టింపులో పుట్టిన వృత్తంలో నడిచిందన్నమాట. మల్లన దీన్ని ఉద్దేశించి ఉంటాడనుకోవడానికి ఆధారం లేదు. చంపకమాల ఆనాటి తెలుగు కవులందరికీ చేతికి అలవాటైన వృత్తం. అయినా రెండు లెక్కలకూ తల్లి ఒకటే.

రెట్టింపు కథలు భారతదేశంలో చాలా రూపాలలో తిరిగాయి. లీలావతిలో ఒక దాత మొదటి రోజు రెండు గవ్వలిచ్చి నెల రోజులు రోజూ రెట్టిస్తూ పోతాడు. మొత్తం 2,14,74,83,646 గవ్వలు, అంటే 104857 నిష్కాలు, 9 ద్రమ్మాలు, 9 పణాలు, 2 కాకిణులు, 6 గవ్వలు. భాస్కరుడిది వ్యాపారి లెక్క, చిల్లర దాకా విడదీసి చూపుతుంది. చదరంగపు లెక్కకు అలాంటి చిల్లర అక్కర లేదు. చెల్లించడం అసాధ్యమని తేలడమే దాని ప్రయోజనం. చదరంగం కనిపెట్టిన బ్రాహ్మణుడు రాజును గింజలు కోరిన కథకు బాగా ప్రసిద్ధమైన రూపం పదమూడో శతాబ్దపు అరబ్బీ రచయిత ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథంలో ఉంది. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఆ కోరిక బరువు దాదాపు 36,900 కోట్ల టన్నులు. ఈనాడు ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నుల పైచిలుకు కాబట్టి, రాజు ఏడు వందల ఏళ్ల పంటను ఒక్కసారే కొలవవలసి ఉంటుంది. ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా 1883లో హనోయ్ గోపురం అనే ఆట వస్తువును బజారులోకి తెచ్చినప్పుడు దానికి కాశీ గుడిలోని 64 బంగారు బిళ్లల కథ జోడించారు. నిబంధనలు తప్పకుండా ఆ బిళ్లలన్నిటినీ ఒక సూది మీది నుంచి మరో సూది మీదికి మార్చడానికి కావలసిన కదలికలు సరిగ్గా మల్లన చెప్పినన్ని. సెకనుకు ఒకటి చొప్పున కదిపితే సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు.

సంఖ్య పరిమాణం కంటే దాని లోపలి కట్టు ఎక్కువ ఆసక్తికరమైనది. ఒక వర్గంలో ఒకటి తీసేస్తే వచ్చేది, ఆ వర్గమూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధం: 16లో ఒకటి తీస్తే 15, అది మూడు ఐదులు. ఈ సూత్రాన్ని మొత్తం మీద పదే పదే ప్రయోగిస్తే, లెక్కించే దారిలో వచ్చిన ఆరు మెట్లకూ ఒక్కొక్కటి కలిపిన సంఖ్యలే దాని గుణకాలుగా తేలుతాయి: 3, 5, 17, 257, 65537, 4294967297. గణకుడి చిత్తు పలక మీదే కారణాంకాలన్నీ దాక్కుని ఉన్నాయి, ప్రతి సంఖ్యకూ ఒకటి కలపాలన్న ఆలోచన రావడమే తరువాయి. వాటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోనివి. ఇలా పుట్టే సంఖ్యలన్నీ ప్రధానాలేనని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు ఫెర్మా నమ్మాడు. ఆరోదైన 4294967297 దగ్గర ఆ నమ్మకం విఫలమైందని 1732లో ఆయిలర్ చూపించాడు: అది 641, 6700417 అనే రెండు ప్రధానాల లబ్ధం. కాబట్టి చదరంగపు మొత్తానికి ఏడు ప్రధాన కారణాంకాలు, ప్రతిదీ ఒక్కొక్కసారే వస్తుంది. ప్రతి కారణాంకాన్నీ తీసుకోవచ్చు, మానవచ్చు కనుక దాని భాజకాల సంఖ్య రెండును ఏడుసార్లు గుణించినంత, అంటే 128. రెట్టింపు అక్కడ కూడా వదలలేదు. ఆయిలర్ భాగం మినహా మిగిలిన ఐదు ప్రధానాల లబ్ధం 4294967295, మొదటి 32 గళ్ల మొత్తం. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగల బేసి భుజాల క్రమబహుభుజులలో ఇప్పటి వరకు తెలిసినవాటిలో అత్యధిక భుజాలు గలదానికి సరిగ్గా అన్ని భుజాలే ఉంటాయి. ఆ సంబంధానికి పునాది 1796లో 17 భుజాల బహుభుజితో గౌస్ వేశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంఖ్యకు కథలతో పని లేని ఉద్యోగం దొరికింది. కంప్యూటరు ప్రతి సంఖ్యనూ ఒకటి, సున్నలతోనే దాచుకుంటుంది. 64 స్థానాలలోనూ ఒకట్లు నింపితే మల్లన సంఖ్య వస్తుంది, గళ్లన్నీ నిండిన చదరంగపు పలక అదే. 64 బిట్ల యంత్రం గుర్తులు లేని పూర్ణసంఖ్యగా ఒకే పదంలో పట్టగల గరిష్ఠ విలువ అది.

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలోనూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకాలు ముందేసుకుని కూర్చునే ఉద్యోగార్థుల అంకగణితపు గైడ్లలోనూ ఈ సంఖ్య కొత్త వేషంలో కనబడుతుంది: ఫలానా ఘాతానికి ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉంటుంది అన్న ప్రశ్నగా. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరిగి వస్తాయి, 64 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది, కనుక చివరి అంకె 6, ఒకటి తీసేస్తే 5. చివరి రెండు అంకెలూ కావాలంటే ఇరవయ్యేసి ఘాతాల ఆవృత్తిని చూడాలి: నాలుగో ఘాతం 16, అరవై నాలుగో ఘాతం చివర కూడా 16, ఒకటి తీస్తే 15. అరనిమిషంలో ముగియవలసిన ఈ లెక్కకు మల్లన దగ్గర ఆ మాత్రం వ్యవధి కూడా పట్టదు, ఎందుకంటే ఒకట్ల స్థానంతోనే మొదలయ్యే ఆ చంపకమాల తన మొదటి రెండు మాటలలో, బాణాలలో ఐదునూ చంద్రుడిలో ఒకటినీ ముందే చెప్పేసింది.